పిల్లల డాక్టర్ అవ్వాలంటే ఎన్నేళ్లు? లైసెన్స్ ఎప్పుడొస్తుంది, ఎవరిస్తారు?

ఈరోజు ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నాను. ఇంటర్ బైపీసీ సెకండియర్ చదువుతున్న ఒక చెల్లి రాసింది. "అన్నా, నాకు పిల్లల డాక్టర్ అవ్వాలని ఉంది. నీట్ రాస్తే చాలా? మొత్తం ఎన్నేళ్లు పడుతుంది? మా ఇంట్లో ఎవరికీ తెలియదు" అని. నేను బీటెక్ చేసి, ఐదేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు ఇలా కెమెరా ముందు కూర్చున్నవాడిని. డాక్టర్‌ని కాదు. కానీ మా పెద్దమ్మ కూతురు పిల్లల డాక్టర్. పోయిన ఆదివారం అక్కని కూర్చోబెట్టి మూడు గంటలు బుర్ర తిన్నాను. రూల్స్ మాత్రం అక్క చెప్పింది చెప్పినట్టు కాకుండా, నేషనల్ మెడికల్ కమిషన్ కాగితాలు తీసి చూసుకున్నాను.

ముందు లెక్క చెప్పేస్తా. ఇంటర్ తర్వాత తక్కువలో తక్కువ ఎనిమిదిన్నరేళ్లు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది, ఆ తర్వాత ఎండీ పీడియాట్రిక్స్ మూడేళ్లు. ఇది ఎక్కడా ఒక్క రోజు కూడా వృథా కాకపోతే వచ్చే లెక్క. అలా సాఫీగా జరిగినవాళ్లు అక్కకి తెలిసినవాళ్లలో ముగ్గురో నలుగురో ఉన్నారట. అక్కకైతే పద్దెనిమిదేళ్లకి ఎంబీబీఎస్‌లో చేరితే, ఎండీ చేతికొచ్చేసరికి ముప్పై నిండబోతున్నాయి. అప్పటికి నేను రెండు కంపెనీలు మారి, కారు ఈఎంఐ సగం కట్టేశాను.

చెల్లీ, నువ్వడిగిన దాంట్లో ఒక పెద్ద అపోహ ఉంది, అది నీ ఒక్కదానిదే కాదు. నీట్ రాస్తే "పిల్లల డాక్టర్ సీటు" రాదు. అసలు అలాంటి సీటు ఇంటర్ తర్వాత ఎక్కడా లేదు. పిల్లల డాక్టర్ అవ్వాలనుకునేవాళ్లకి నీట్ యూజీతో వచ్చేది ఎంబీబీఎస్ సీటు మాత్రమే. పిల్లల డాక్టర్ అవుతావా లేదా అన్నది ఆరేడేళ్ల తర్వాత రాసే ఇంకో పరీక్షలో, ఆ ర్యాంకుతో తేలుతుంది. ఇదే ఈరోజు నేను గట్టిగా చెప్పాలనుకున్నది. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నీట్ యూజీ గురించి మీకు నాకంటే ఎక్కువ తెలుసు, త్వరగా చెప్పేస్తా. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90, మొత్తం 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకి నాలుగు, తప్పుకి ఒకటి కోత. ఆ ఏడాది డిసెంబర్ 31కల్లా 17 ఏళ్లు నిండాలి. పై వయసుకి పరిమితి లేదు. 2025లో 22 లక్షల మందికి పైగా రాశారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. కాబట్టి గవర్నమెంట్ కాలేజీనా, ప్రైవేట్ కాలేజీలో కన్వీనర్ సీటా, మేనేజ్‌మెంట్ సీటా అన్నదే ఇంట్లో అసలు లెక్క. తెలంగాణ ప్రైవేట్ కాలేజీల్లో కన్వీనర్ కోటా సీటుకి ఏడాదికి 60 వేలు అన్న రేటు చాలాకాలం నడిచింది. అదే కాలేజీలో, అదే క్లాసులో, పక్క బెంచీ మీద కూర్చున్న బీ కేటగిరీ వాళ్లకి ఏడాదికి 11 లక్షల పైన. ఫీజులు మారుతుంటాయి, మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. మన దగ్గర ఆంధ్రాలో డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ ఈ కౌన్సెలింగ్ చేస్తాయి.

ఎంబీబీఎస్‌లో మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ఇక్కడొక రూల్ చాలామందికి తెలియదు. ఫస్టియర్ పాస్ అవ్వడానికి నాలుగే ఛాన్సులు. కోర్సు మొత్తం తొమ్మిదేళ్లలో అయిపోవాలి. మా బీటెక్‌లో లాగా బ్యాక్‌లాగ్‌లు మూటగట్టుకుని ఫైనలియర్ దాకా వెళ్లిపోవడం కుదరదు. పీడియాట్రిక్స్ పేపర్ వచ్చేది చివర్లో, మెడిసిన్, సర్జరీ, గైనిక్‌తో పాటు. తర్వాత ఇంటర్న్‌షిప్. ఆ 52 వారాల్లో పిల్లల వార్డుకి కేటాయించింది ఎంతో తెలుసా? మూడు వారాలు. కమ్యూనిటీ మెడిసిన్‌కి పన్నెండు, గైనిక్‌కి ఏడు, పిల్లలకి మూడు. ఈ మూడు అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు లైసెన్స్ సంగతి. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నప్పుడు స్టేట్ మెడికల్ కౌన్సిల్ తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తుంది. అది పూర్తవగానే పర్మనెంట్ రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ అని విడివిడిగా ఉన్నాయి. ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయ్యి ఇంకో రాష్ట్రంలో ప్రాక్టీస్ పెట్టుకోవాలంటే ఎన్‌ఓసీ తెచ్చుకుని అక్కడ నమోదు చేయించుకోవాలి. ఆ నంబర్ వచ్చిన రోజు నుంచే మనిషికి మందు రాసే హక్కు వస్తుంది. నంబర్ లేకుండా రాస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో సెక్షన్ 34 ఉంది. ఏడాది వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

నాకు ఆశ్చర్యంగా అనిపించింది ఏంటంటే, పిల్లల డాక్టర్‌కి విడిగా లైసెన్స్ అంటూ మన దేశంలో లేదు. లైసెన్స్ ఒకటే, అది ఎంబీబీఎస్‌తోనే వచ్చేస్తుంది. ఆ నంబర్ ఉన్న ఏ డాక్టర్ అయినా చట్టప్రకారం నెలల పిల్లాడిని చూడొచ్చు, మందు రాయొచ్చు. ఎండీ పూర్తయ్యాక అదే కౌన్సిల్‌కి వెళ్లి, అదే నంబర్ మీద "అదనపు అర్హత" అని నమోదు చేయించుకుంటారు. అమెరికాలో రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ వేరు, పీడియాట్రిక్స్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ వేరు. బోర్డు పరీక్ష వేరే సంస్థ పెడుతుంది. మన దగ్గర మూడేళ్ల డిగ్రీయే ఆ గుర్తింపు. మరి తేడా ఏమీ లేదా అంటే, ఉంది. డాక్టర్ల వృత్తి నియమాలు 2002లో వచ్చాయి. ప్రత్యేక అర్హత లేకుండా ఎవరూ తాను స్పెషలిస్ట్‌నని చెప్పుకోకూడదని వాటిలో ఉంది. అంటే ఎంబీబీఎస్ డాక్టర్ పిల్లలకి వైద్యం చేయడం తప్పు కాదు, "పిల్లల వైద్య నిపుణులు" అని బోర్డు రాయించుకోవడం తప్పు.

ఇక అసలు మలుపు, నీట్ పీజీ. 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు. పంతొమ్మిది సబ్జెక్టులు ఒకే పేపర్లో. ఎయిమ్స్, జిప్మర్ లాంటి చోట్లకి ఐఎన్ఐ సెట్ అని వేరే పరీక్ష, ఏడాదికి రెండుసార్లు. నీట్ పీజీ రాసేవాళ్లు రెండు లక్షల పైనే. వాళ్లందరూ అప్పటికే డాక్టర్లు, చేతిలో లైసెన్స్ ఉన్నవాళ్లు. రేడియాలజీ, జనరల్ మెడిసిన్, డెర్మటాలజీ ముందే అయిపోతాయి. పీడియాట్రిక్స్ కూడా చివరిదాకా మిగిలే బ్రాంచ్ కాదు.

అక్కకి మొదటిసారి వచ్చిన ర్యాంకుకి పాథాలజీ వచ్చింది. మైక్రోస్కోప్ ముందు పని. మంచి బ్రాంచే, అదీ ఎండీనే. ఇంట్లో అందరూ చేరిపొమ్మన్నారు. పెద్దమ్మ అయితే నేరుగా, "సంబంధాలు చూస్తున్నాం, ఎండీ అని చెప్పుకుంటే చాలదా? ఏ ఎండీ అయితే ఏంటి" అంది. అక్క సీటు వదిలేసింది. ఒక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టర్‌గా రాత్రులు చేస్తూ, పగలు చదువుతూ ఇంకో ఏడాది పైన గడిపింది. ఆ ఏడాది మా ఇళ్లలో ఏ పెళ్లికీ రాలేదు. వస్తే "ఇంకా చదువుతూనే ఉన్నావా అమ్మా" అంటారని. రెండోసారి పీడియాట్రిక్స్ వచ్చింది. రాకపోతే ఏం చేసేదానివి అని అడిగాను. "పాథాలజీ మళ్లీ వస్తే చేరిపోయేదాన్ని. ఇంకో ఏడాది అయితే నా వల్ల కాదురా" అంది.

అందుకే చెల్లికి నేను చెప్పేది ఇది. ఇప్పుడు నిన్ను నువ్వు అడగాల్సిన ప్రశ్న "నాకు పిల్లలంటే ఇష్టమేనా" అని కాదు. "రేపు పీడియాట్రిక్స్ రాకపోయినా, డాక్టర్‌గా ఉండటం నాకు ఇష్టమేనా" అని. దానికి అవును అనగలిగితే నీట్ పుస్తకం తెరువు. లేదంటే పిల్లలతో పని చేసే దార్లు ఇంకా చాలా ఉన్నాయి. నర్సింగ్, స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ, టీచింగ్. వాటిలో దేనికీ పన్నెండేళ్లు పట్టదు.

నీట్ పీజీ తర్వాత కూడా దార్లు రెండు మూడున్నాయి. మెడికల్ కాలేజీలో చేస్తే ఎండీ. గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో నేషనల్ బోర్డు కింద చేస్తే డీఎన్‌బీ. రెండూ మూడేళ్లే. డీసీహెచ్ అంటే రెండేళ్ల డిప్లమా, ఇప్పుడు నేషనల్ బోర్డు కూడా నడుపుతోంది. డిప్లమా చేసినవాళ్లు ఇంకో రెండేళ్లు చదివి డీఎన్‌బీ తెచ్చుకోవచ్చు. ఎండీలో థీసిస్ రాయాలి, చివర్లో నాలుగు థియరీ పేపర్లు, ప్రాక్టికల్స్. మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పని చేయాలన్న రూల్ కూడా వచ్చింది. ఇదంతా కాగితం మీద కనిపించేది.

కనిపించనిది అక్క చెప్పింది. "ఒరేయ్, మా పేషెంట్ మాట్లాడడు. మాట్లాడేది వాళ్లమ్మ, నాయనమ్మ, పక్క బెడ్ ఆవిడ. ముగ్గురూ మూడు కథలు చెప్తారు. వాడేమో ఏడుస్తాడు. ఏడుపు ఆపేస్తే ఇంకా భయం" అంది. మొదటి ఏడాదంతా నేర్చుకునేది ముఖ్యంగా చూడటం, లెక్కపెట్టడం అట. ఫోన్‌లో టైమర్ పెట్టి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. ఆ అంకె వచ్చిందంటే అది వేగంగా ఊపిరి తీయడమే, నిమోనియా అనుమానం. ఇది డబ్ల్యూహెచ్ఓ చెప్పిన లెక్క. ఆశా కార్యకర్తకి నేర్పేదీ ఇలాంటిదే. కానీ రాత్రి మూడు గంటలకి, అరవై మంది పిల్లలున్న వార్డులో, ఏడుస్తున్న బిడ్డ ఛాతీ చూస్తూ సరిగ్గా లెక్కపెట్టడం వేరు.

పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషాన్ని గోల్డెన్ మినిట్ అంటారు. తుడిచి, కదిలించి, అయినా ఊపిరి రాకపోతే ఆ నిమిషం లోపే మాస్క్ పెట్టి గాలి అందించడం మొదలుపెట్టాలి. ఆ నిమిషంలో పుస్తకం తీసి చూసుకునే వీలుండదు. చేతులకే గుర్తుండాలి. అందుకే ప్లాస్టిక్ బొమ్మ మీద వందలసార్లు చేయిస్తారు.

ఇంకొకటి విని నేను కాసేపు మాట్లాడలేదు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో రక్తం మొత్తం ఎంతుంటుంది? కిలోకి దాదాపు 80 ఎంఎల్, అంటే 240. మనం తాగి పడేసే చిన్న కూల్‌డ్రింక్ బాటిల్ అంత. టెస్టుకని తీసే ప్రతి ఎంఎల్‌నీ ఎందుకు రాసిపెడతారో అప్పుడర్థమైంది.

డోసు సంగతి అయితే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి బాగా తలకెక్కింది. పెద్దవాళ్లకి మాత్ర అంటే మాత్రే. పిల్లలకి ప్రతిదీ బరువుతో గుణించాలి. పారాసిటమాల్ మామూలుగా కిలోకి 15 మిల్లీగ్రాములు, పది కిలోల బిడ్డకి 150. ఇంతవరకు బాగానే ఉంది. కానీ షాపులో అదే మందు ఒక సిరప్‌లో 5 ఎంఎల్‌కి 120, ఇంకో సిరప్‌లో 5 ఎంఎల్‌కి 250, డ్రాప్స్‌లో అయితే 1 ఎంఎల్‌కే 100. "చెంచాడు పట్టండి" అన్న మాట విని డ్రాప్స్ సీసాలోంచి చెంచాడు పట్టారనుకోండి, 500 వెళ్లిపోతుంది. మా భాషలో ఇది యూనిట్ కన్వర్షన్ బగ్. మా దగ్గర సర్వర్ పడిపోతుంది, రీస్టార్ట్ చేస్తాం. ఇక్కడ పడేది బిడ్డ లివర్ మీద. అందుకే అక్క ప్రతి చీటీ మీదా బరువు ముందు రాసి, తర్వాతే మందు పేరు రాస్తుంది. చీటీ మీద మీ బిడ్డ బరువు లేకపోతే అడగండి, అడగడం తప్పేం కాదు.

మందు ఎప్పుడు రాయకూడదో నేర్చుకోవడం కూడా ఆ మూడేళ్లలోనే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో కల్తీ దగ్గు సిరప్ తాగి కిడ్నీలు పాడై ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ ఉంది. విషం కలిపింది డాక్టర్లు కాదు, అది తయారీలో నేరం. కానీ అప్పుడే కేంద్రం మళ్లీ గుర్తుచేసింది, రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ల లోపు కూడా సాధారణంగా అవసరం లేదని. "ఏమీ రాయకుండా పంపిస్తే వాళ్లు ఇంకో డాక్టర్ దగ్గరికి పోతారు. అయినా రాయకుండా పంపించడం అలవాటు చేసుకోవాలి, అదే కష్టం" అంటుంది అక్క. నూటికి నూరుపాళ్లు నిజం. సిరప్ రాయని డాక్టర్‌ని "ఏం డాక్టరండీ, ఒక్క మందూ రాయలేదు" అనేది మన ఇళ్లలోనే.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మూడు వారాలు ఇక్కడికి తెచ్చుకోండి. లైసెన్స్ పరంగా ఎంబీబీఎస్ డాక్టర్, ఎండీ పీడియాట్రిక్స్ డాక్టర్ ఇద్దరూ ఒకటే. ఒకరికి ఇంటర్న్‌షిప్‌లో పిల్లల వార్డు మూడు వారాలు, ఇంకొకరికి మూడేళ్లు. మామూలు జ్వరానికి, జలుబుకి మీ వీధిలోని ఎంబీబీఎస్ డాక్టర్ చాలు, ఊళ్లలో వాళ్లే దిక్కు కూడా. నెలల బిడ్డ పాలు తాగట్లేదంటే, మత్తుగా ఉందంటే మాత్రం ఆ మూడేళ్లు చేసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ఎండీ తర్వాత కూడా చదువు ఉంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ల కోసం నియోనటాలజీ, పిల్లల గుండెకి కార్డియాలజీ, ఇలా. నీట్ ఎస్ఎస్ అని ఇంకో పరీక్ష రాసి, డీఎం ఇంకో మూడేళ్లు. అక్కని అడిగితే చేతులు జోడించి దండం పెట్టింది.

విదేశాల్లో ఎంబీబీఎస్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. వెళ్లాలన్నా ముందు నీట్‌లో క్వాలిఫై అవ్వాలి. అక్కడ కోర్సు కనీసం 54 నెలలు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది ఉండాలి. తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ, 300కి 150 రావాలి. మళ్లీ ఇక్కడ ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. అప్పుడు పర్మనెంట్ నంబర్. ఆ తర్వాత నీట్ పీజీ క్యూలో అందరితో పాటే నిలబడాలి. కన్సల్టెన్సీ వాళ్లు ఫీజు చెప్పినంత గట్టిగా ఈ ఏళ్ల లెక్క చెప్పరు. ఇక ఇక్కడ ఎంబీబీఎస్ చేసి అమెరికా వెళ్లేవాళ్లు యూఎస్ఎంఎల్ఈ రాసి, మ్యాచ్‌లో సీటొస్తే అక్కడ మళ్లీ మూడేళ్లు పీడియాట్రిక్స్ రెసిడెన్సీ చేయాలి. ఇక్కడ ఎండీ అయిపోయినా సరే, మామూలుగా మొదటి నుంచే. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో మీకు కనిపించే తెలుగు పిల్లల డాక్టర్లలో రెండుసార్లు రెసిడెన్సీ చేసినవాళ్లు ఉన్నారు.

చివరగా, ఇది చూస్తున్నవాళ్లలో చిన్నపిల్లల తల్లిదండ్రులు కూడా ఉన్నారు కాబట్టి ఒక రెండు నిమిషాల పని. డాక్టర్ చీటీ తీయండి. 2002 నియమాల ప్రకారం క్లినిక్‌లోనూ, ప్రతి చీటీ మీదా, రసీదు మీదా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌నో పేరునో నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో గానీ, మన స్టేట్ కౌన్సిల్ సైట్‌లో గానీ వెతకండి. ఏ ఏడాది రిజిస్టర్ అయ్యారో, ఏ అర్హతో వస్తుంది. బోర్డు మీద అక్షరాల్లో ఎండీ పీడియాట్రిక్స్, డీఎన్‌బీ పీడియాట్రిక్స్, డీసీహెచ్, ఈ మూడూ పిల్లల వైద్యంలో చదువు. ఎంఐఏపీ అని ఉంటే అది 1963లో ఏర్పడిన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌లో సభ్యత్వం, డిగ్రీ కాదు. కొన్ని నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్లు పొడుగ్గా రాసుకునేవాళ్లుంటారు, అక్షరాలు ఎక్కువైనంత మాత్రాన చదువు ఎక్కువైనట్టు కాదు. ఆర్ఎంపీ అని ఉంటే సంగతి మన రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసిందే. జ్వరమొస్తే ఇంజెక్షన్ వేసే ఆయన మంచివాడే కావచ్చు, ఊరి మొత్తానికి దగ్గరివాడే కావచ్చు, కానీ రిజిస్టర్‌లో ఆయన పేరుండదు. రిజిస్టర్‌లో పేరు దొరకలేదని వెంటనే గొడవకి వెళ్లొద్దు. ఆన్‌లైన్‌లో ఎక్కించడం ఆలస్యమై ఉండొచ్చు, స్పెల్లింగ్ తేడా ఉండొచ్చు, వేరే రాష్ట్రంలో నమోదై ఉండొచ్చు. ముందు నంబర్ అడగండి. ఉన్నవాళ్లు వెంటనే చెప్తారు.

చెల్లికి ఇంకో మాట. అక్క నీకోసం తన నీట్ పీజీ నోట్సు కాదు, ఇంటర్ బయాలజీ పాత పుస్తకాలు పంపిస్తానంది. ఆ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో అట్ట ఊడిపోయిన దాన్నే ఎక్కువ చదివిందట. అడ్రస్ మెయిల్ చెయ్యి. ఎఫ్ఎంజీఈ గురించి, విదేశీ కాలేజీ ఎంచుకునేటప్పుడు చూడాల్సిన కాగితాల గురించి వచ్చే ఎపిసోడ్‌లో విడిగా మాట్లాడతాను.